సగంలో ఆగిన సినిమా

చనిపోయిన నటుడికి నివాళి అని జనాన్ని పిలిచి, అతని జీవితకథ సినిమాను సగంలో ఆపేశారు. మిగతా సగం ఆ హాల్లో ఎవరూ చూడలేదు. ఇది తప్పు. ఏడాదిగా చెబుతూనే ఉన్నాను.

పోయిన సంవత్సరం, అమెరికాలో నేపర్‌విల్. మనవాళ్ళ ఫిల్మ్ ఫెస్టివల్ మా థియేటర్లోనే జరిగింది. నేనక్కడ ప్రొజెక్షన్ ఆపరేటర్ని. బడిలో చదివింది తక్కువ. తెనాలిలో రీళ్ళు తిప్పుతూ, మెషీన్ల వెంట వచ్చే పుస్తకాలు కూడబలుక్కుంటూ నేర్చుకున్నదే నా ఇంగ్లీషు. ఇప్పుడు రీళ్ళు లేవు, సర్వర్ అనే కంప్యూటర్ ఉంది. సినిమాతోపాటు పంపిణీదారు ‘కీ’ పంపుతాడు. అది డిజిటల్ తాళంచెవి. దానికో గడువుంటుంది. గడువులోపల మొదలైన ఆట పూర్తిగా ఆడుతుంది. మధ్యలో ఆపేసి గడువు దాటాక మళ్ళీ మొదలుపెడదామంటే మాత్రం కుదరదు. ఆ రోజు కీ సాయంత్రం నాలుగింటిదాకానే.

ఆటకు ముందు ఒక పెద్దావిడ నా ప్రొజెక్షన్ బూత్ మెట్ల దగ్గరికొచ్చింది. పేరు సుభద్రమ్మ. ఆ నటుడి చెల్లెలు. వేరే రాష్ట్రంలో, కమ్మింగ్‌లో కూతురి దగ్గర ఉంటోంది.

“ఆపరేటరు గారు మీరేనా బాబూ? ఆఖర్లో సౌండు కాస్త పెంచండి.”

“ఎందుకమ్మా?”

“అన్నయ్య తాగి లాడ్జిలో పోయాడని పేపర్లో రాశారు. అబద్ధం. తాగుడు మానేశాకే మా ఇంటికొచ్చాడు, నా చేతుల్లోనే పోయాడు. ఆఖర్న అదే తీశామని డైరెక్టరు గారు ఫోన్ చేసి చెప్పారు. ఈ దేశంలో మనవాళ్ళ పార్టీలకు ఎక్కడికెళ్ళినా నా ముందే అన్నయ్యని తాగుబోతని నవ్వుతారు. అందుకే మనవాళ్ళందరి మధ్యా కూచుని చూడాలని ఇంత దూరం వచ్చాను.”

జ్యోతి ప్రజ్వలన, స్వాగతాలు, పిల్లల డాన్సులు అయ్యేసరికే ఆట ఆలస్యమైంది. మొదటి సగమంతా తాగుడే. సరిగ్గా ఇంటర్వెల్లో కమిటీ అధ్యక్షుడు సురేశ్ బూత్‌లోకొచ్చాడు.

“అంకుల్, స్పాన్సర్స్ వీడియో ప్లే చేయండి. తర్వాత సన్మానాలు.”

“వీడియో వేయాలంటే సినిమా ఆపెయ్యాలి. నాలుగు దాటితే మళ్ళీ నడవదు. సన్మానాలు ఆఖర్న పెట్టుకోండి.”

“సినిమా అయ్యాక ఎవరుంటారంకుల్? అందరూ పార్కింగ్‌కి పరిగెడతారు. పది నిమిషాలే. మేనేజ్ చేయండి ప్లీజ్.”

హాలు అద్దెకు తీసుకున్నది వాళ్ళు. ఆపాను.

శాలువాలు మొదలయ్యాయి. రియల్ ఎస్టేట్ ఆయనకి, పళ్ళ డాక్టరుకి, కమిటీ సభ్యులకి, వాళ్ళ శ్రీమతులకి. నటుడి చెల్లెలు మూడో వరసలో ఉన్నదని ఒక్కరికీ గుర్తులేదు. నాలుగు దగ్గర పడుతుంటే నేనే కిందికి దిగి వేదిక ముందు నిలబడి వాచీ చూపించాను.

మైకు పట్టుకున్న అమ్మాయి నవ్వింది. “ఆపరేటర్ అంకుల్ అలిగారండోయ్! ఆయనకి కూడా ఒక శాలువా!”

చప్పట్లు. నన్ను చెయ్యి పట్టి పైకి లాగారు, కప్పారు, ఫోటో కోసం ఆపారు. మళ్ళీ బూత్‌కి చేరేసరికి నాలుగు దాటింది. సర్వర్ మొరాయించింది. కొత్త కీ కోసం పంపిణీదారుకి ఫోన్ చేశాను. ఆదివారం, ఎవరూ ఎత్తలేదు.

సురేశ్ మైకులో సారీ చెప్పాడు. జనం లేచారు.

“మిగతాది తెలిసిందేగా బ్రో, తాగి చస్తాడు” అన్నాడొకడు, సుభద్రమ్మ పక్కనుంచి వెళుతూ.

“కాదు నాయనా” అందావిడ. అతను అప్పటికే తలుపు దగ్గరున్నాడు.

హాలు ఖాళీ అయ్యాక కూడా ఆవిడ తెర వైపే చూస్తూ కూర్చుంది. శాలువా తీసి పారేసి వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆవిడ “వస్తాను బాబూ” అని లేచింది.

ఈ పనిలో ఇన్నేళ్ళుండి ఆ రోజు తెలుసుకున్నాను. ఒక మనిషి బతుకును తెర మీద సగంలో ఆపితే, ఆ సగమే నిజమని ఊరంతా చెప్పుకుంటుంది.

కమిటీకి ఈమెయిల్ మీద ఈమెయిల్ పెట్టాను. అడిగింది ఒకటే: ఆ రోజు వచ్చినవాళ్ళందరినీ మళ్ళీ పిలిచి, రెండో సగం చూపించండి. ఆట నేను ఊరికే ఆడిస్తాను. మొన్న జవాబొచ్చింది:

“డియర్ అంకుల్, మీ ఫీడ్‌బ్యాక్‌కి థ్యాంక్స్. మన ఈవెంట్ సూపర్ సక్సెస్. సుభద్ర ఆంటీకి క్లైమాక్స్ లింక్ వాట్సాప్ చేశాం, ఇంట్లో కంఫర్టబుల్‌గా చూసుకోవచ్చు. ఇంకెవరూ అడగలేదు.”