రెండు ఖాళీలు

పంకజాక్షిది పుత్తూరు. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, తిరుపతిలో ఒక కాలేజీ కంప్యూటర్ సెంటర్లో ప్రోగ్రామర్‌గా చేరింది. 1987లో అక్కడికి కొత్త మిషను వచ్చింది. పాతదాంట్లో, వాటి పేరు టైపు చేస్తే చాలు పని చేసిపెట్టే చిన్న చిన్న కమాండ్లు ఉండేవి. జాబితాను అక్షరక్రమంలో పేర్చేది ఒకటి, వరసలు లెక్కపెట్టేది ఇంకొకటి. కొత్తదాంట్లో అవి లేవు.

"నువ్వే రాయల్లమ్మా," అన్నాడు సెంటర్ పెద్ద రాజారత్నం. "పేర్లు అవే, పనీ అదే. మన పాత ప్రోగ్రాముల్లో ఒక్క అక్షరం గూడా మార్చే పని పడగూడదు."

పాతవాటిని ఎట్లా రాశారో ఆ మిషను అమ్మిన కంపెనీ చూపించదు. పంకజాక్షికి దొరికింది అట్టలూడిన మాన్యువల్ ఒక్కటే. పేర్చే కమాండ్ పది రోజుల్లో రాసేసింది. పాతదానికన్నా వేగంగా పరిగెత్తింది. సంబరంగా హాస్టల్ జాబితాను రెండు మిషన్ల మీదా వేసి చూసుకుంది. నాలుగు వందల పన్నెండు పేర్లలో పదకొండు కుదరలేదు. పాతది ఆ పదకొండింటినీ తెచ్చి అన్నిటికన్నా పైన పెడుతోంది.

వారం రోజులు తల బద్దలు కొట్టుకుంది. రెండుసార్లు మొదటినుంచీ రాసింది. తీరా చూస్తే, ఆ వరసల్లో రోల్ నంబరుకీ పేరుకీ మధ్య ఒకటికి బదులు రెండు ఖాళీలున్నాయి. పాతది రెండో ఖాళీని కూడా పేరులో మొదటి అక్షరం కింద లెక్కేసి, ఇంగ్లీషు 'ఎ' కన్నా ముందు పెడుతోంది.

ఒళ్లు మండి, జాబితా టైపు చేసిన హాస్టల్ గుమాస్తా పెంచలయ్య దగ్గరికి పోయింది. "ఈడ రెండుసార్లు ఎందుకు కొట్టినావన్నా?"

"కావాలనే కొట్టినానమ్మా. ఆ పదకొండు మందీ కాళ్లు సరిగా లేని పిల్లోళ్లు. జాబితాలో పైనున్నోళ్లకి కింది రూములు ఇస్తారు. ఒకతూరి పొరపాటున ఖాళీ ఎక్కువ పడి, ఒక పేరు పైకొచ్చింది. మంచిదేగదా అని అప్పట్నుంచీ అట్నే కొడతా ఉండా."

"నాకు ఒక మాట చెప్పగూడదా?"

"నన్ను ఎవురడిగినారమ్మా?"

ఆయన మీద కోపం నిలవలేదు. రాజారత్నం దగ్గరికొచ్చింది. "అది పాతదాని తప్పు సార్. ఆ పిల్లోళ్లకి వేరే గుర్తు పెట్టుకుందాం."

"ఇట్లాంటివి ఇంకా ఎన్ని ఆఫీసుల్లో ఉండాయో నీకు తెలుసునా? పాతది తప్పు చేస్తే మనదీ అదే తప్పు చేయల్ల."

"తప్పును గూడా తప్పు లేకుండా రాయల్లనా సార్?"

"రాయల్ల."

ఎక్కువ ఖాళీల్ని దాటేసేలా ముచ్చటపడి రాసుకున్న వరసల్ని తనే కొట్టేసింది. ఈసారి నాలుగు వందల పన్నెండూ కుదిరాయి. జులైలో ఆ పదకొండు మందికీ కింది రూములే దక్కాయి. ఏ తేడా కనపడలేదు గనక, ఆమెను ఎవరూ మెచ్చుకోనూ లేదు.

అప్పటికి ఆమె వరసలు లెక్కపెట్టే కమాండ్ మీద కూర్చుని ఉంది. ఒకే ఫైలును రెండు మిషన్లకీ ఇస్తే, పాతది ఒక వరస తక్కువ చెబుతోంది. ఎందుకో మాన్యువల్లో లేదు. పంకజాక్షి మాన్యువల్‌ను బల్లమీద విసిరికొట్టి, మళ్లీ తీసుకుని మొదటి పేజీ తిప్పింది.