ఓదెలు గోడకు కొట్టిన కంత

పాశమైలారంలో బాయిలర్ ఓదెలును ఎరగనివాళ్లు లేరు. ఫ్యాక్టరీ కోసం పొలాలు కొన్నప్పుడు ఇంటికొక ఉద్యోగమిచ్చారు. ఓదెలుకు బాయిలర్ దగ్గర పని దొరికింది. పొలం పోయినా ఇల్లు అక్కడే మిగిలింది. కంపెనీ ప్రహరీగోడ అతని పెరటిని ఆనుకునే లేచింది. గోడకు అవతల బాయిలర్, ఇవతల అతని భార్య శివమ్మ పొయ్యి. ఏది ముందు పొగ వదులుతుందా అని తోటి పనివాళ్లం చాయ్ పందేలు కాసేవాళ్లం.

గేటు మీదుగా చుట్టి రావాలంటే ఇంటికి మైలు దూరం. ఎనభై ఆరు ఎండాకాలంలో ఓదెలు గడ్డపార పట్టి గోడకు కంత కొట్టాడు. శివమ్మ అందులోంచి వేడివేడి జొన్నరొట్టె అందించేది.

"ఏంది వదినా, జైల్ల ములాఖత్ లెక్కుంది మీ సంసారం!" అని మావాళ్లు ఏడిపిస్తే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

షిఫ్టు ఇన్‌చార్జి నరసింహమూర్తి కోస్తా నుంచి వచ్చినాయన. ఒకనాడు ఆ కంత ఆయన కంటబడింది. ఇక పూడ్పించేస్తాడనుకున్నాం. డ్యూటీ దిగి ఇంట్లో తింటున్నాడు ఓదెలు. ఆయన అందులో తల దూర్చి, "ఓదెలూ, భోంచేస్తున్నావా? చెయ్యి కడుక్కుని ఒక్కసారి రావయ్యా. ప్రెషర్ పడిపోతోంది" అన్నాడు.

అప్పటినుంచి ఆదివారమనీ లేదు, బోనాలనీ లేదు. జ్వరంతో ముసుగుతన్ని పడుకున్నా ఆ కంతలోంచి ఒక తల వచ్చి "ఒక్కసారి" అనేది. ఓదెలు లేచి వెళ్లేవాడు.

పదేళ్లలో అతని చెవులు మారిపోయాయి. మంచం మీది నుంచే ఆవిరి ఎంత ఉందో చెప్పేవాడు. పప్పు కుతకుత ఉడికితే ఉలిక్కిపడి లేచి గిన్నె మూత తిప్పేవాడు. జాతరలో పొట్టేలు బుసకొడితే "సేఫ్టీ వాల్వు!" అని అరిచి వందమందిని పరుగెత్తించాడు. వందలో కొందరిని నేను కలిపానేమో గానీ, అతని చేతుల వణుకు మాత్రం నేను కల్పించింది కాదు. గ్లాసు నోటిదాకా వచ్చేసరికి సగం చాయ్ చొక్కా తాగేది.

సంగారెడ్డి డాక్టరు పరీక్ష చేసి, "గుండె మంచిగనే ఉంది. ఇంటికి పోయినంక పని మర్చిపో" అన్నాడు.

"నా ఇల్లు ఏడ షురూ అయితదో నాకే తెల్వది సార్" అన్నాడు ఓదెలు.

"ఆ కంత పూడ్వు. లేకుంటే మా అమ్మగారింటికి పోత" అంది శివమ్మ.

"జెర ఆగే. కొత్త పిలగాడు పని నేర్సుకోనీ."

కొత్తవాడు వచ్చాడు, మానేసి వెళ్లిపోయాడు. ఆమె మూట కట్టుకుని జిన్నారం బస్సెక్కింది. ఆ వేళ ఓదెలు గోడకు అవతలే ఉన్నాడు.

ఖాళీ ఇల్లు చూశాక బుద్ధి వచ్చింది. మేస్త్రి సంగయ్యను పిలిచి కంత మూయించాడు. అవతలి నుంచి నరసింహమూర్తి కంగారుపడ్డాడు.

"ఇదేమిటయ్యా! అర్జెంటయితే ఎలా?"

"డ్యూటీల ఉన్నప్పుడు పిలువుండ్రి సార్. ఇంట్ల ఉంటే రాను."

అతను అంత మాట అనగా మేమెన్నడూ వినలేదు. జిన్నారం వెళ్లి శివమ్మను తీసుకొచ్చాడు. తడి ఆరని సిమెంటు మీద ఆమె అరచెయ్యి పెట్టి చూసుకుంది.

ఆ మధ్యాహ్నం అన్నం తిని ఇద్దరూ నడుం వాల్చారు. ఓదెలు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. కాసేపటికి ఆ వేళ్లు దాన్ని మెల్లగా కుడివైపుకు తిప్పసాగాయి.

"ఏమైందయ్యా?"

"ఏం కాలే."

"నిజం జెప్పు."

"బాయిలర్ నీళ్ల పంపు ఆగింది."

అతను లేవలేదు. లేవనందుకు మెచ్చుకోవాలి. కానీ పంపు మళ్లీ మొదలయ్యేదాకా ఆమె చెయ్యి వదల్లేదు. మణికట్టు కందిపోయింది.

మర్నాడు శివమ్మ మళ్లీ మూట కట్టింది. "గోడ గట్టినవు, మంచిదే. నీ చెవులకు ఏ మేస్త్రి గడ్తడు? ఈ ఇంట్ల నీకు నిద్ర లేదు. నువ్వే ఆడికి రా."

పొలం లేని మనిషి ఉద్యోగం ఎలా వదులుతాడు? అందుకని వారం సెలవు నాడు జిన్నారం వెళ్లేవాడు. ఆమె తల్లిగారిల్లు ఊరి చివర, ఏ ఫ్యాక్టరీ మోతా అందని చోట ఉండేది. అన్నం తిని అరుగు మీద ఒరిగితే సాయంత్రం బస్సు దాకా ఒకటే నిద్ర. కొన్నాళ్లకు చేతుల వణుకు తగ్గింది. మనిషి ఒళ్లు చేశాడు.

అలా ఏళ్లు గడిచాయి. రిటైరవడానికి ఇంకా కొంత కాలముందనగా, ఒక సెలవు నాడు ఆ అరుగు మీదే నిద్రలో పోయాడు. శివమ్మకు తెలియలేదు. సాయంత్రం బస్సు వచ్చి హారన్ కొట్టింది. ఆమె లేపలేదు. ఇవాళన్నా ఉంటాడులే అనుకుని, సంతోషంగా ఇంకో గుప్పెడు బియ్యం ఎసట్లో పోసింది. అన్నం ఉడికాక లేపబోతే భుజం చల్లగా తగిలింది.

పలకరించడానికి వెళ్లినప్పుడు నాతో అంది:

"వారమంత మాటలు కూడవెట్టుకునేదాన్ని అన్నా. వస్తుండె, తింటుండె, పండుకుంటుండె. గంత మంచిగ నిద్రవోయెటోన్ని ఎట్ల లేపుదు?"