సారు సంతకం పెట్టని కాగితం

మా ల్యాబ్ సారు పోయారని పలమనేరు నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "నాయన మీ గురించి చెప్తా ఉండేవాడు అక్కా" అంది. ఏం చెప్పేవారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

చిత్తూరు దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో అప్పుడు నాది చివరి ఏడాది. నేల మీది తెల్ల గీతను పట్టుకుని తనంతట తానే నడిచే బ్యాటరీ బండి మా ప్రాజెక్టు. ఎదురుగా మనిషి వస్తే అది ఆగాలి. వార్షికోత్సవానికి వచ్చే పెద్దవాళ్లను గేటు నుంచి వేదిక దాకా అందులో తీసుకురావాలని ప్రిన్సిపాల్ ముచ్చటపడ్డారు.

పరీక్షించే ముందు ప్రతి సందర్భాన్నీ సారు మూడు రకాలుగా రాయించేవారు. "మొదట మీ అవ్వకు చెప్పినట్టు రాయి మ్మా. బండి పోతాండాది, మనిషి అడ్డమొచ్చినాడు. అంతే. తర్వాత, వేగం ఎంత నుంచి ఎంత దాకా, దూరం ఎంత నుంచి ఎంత దాకా అని హద్దులు పెట్టు. కడాకు ఒక్కో అంకె ఎంచుకోని బండి తోలి సూడు." ఆ దూరాలను నేల మీద సుద్దతో తనే గీసేవారు. ఆయన చొక్కా జేబు అడుగు ఎప్పుడూ తెల్లగా ఉండేది.

నాకు తొందర. మొదటి రెండూ వదిలేసి అంకెలే నింపాను. అన్ని వరుసల్లోనూ 'ఆగింది' అని రాసుకున్నాను.

సారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. "మనిషి అంటే ఎవురు మ్మా? అందరూ నిలబడినోళ్లేనా?" అంటూ వెళ్లి, వరండా చివర గోడకు ఆనుకుని, చెప్పు సరిచేసుకునేవాడిలా గీత మీదే కూర్చున్నారు. "ఇప్పుడు తోలు."

బండికి కళ్లలాంటి సెన్సర్లను నడుమెత్తున అమర్చాం. వాటికి ఆయన కనబడలేదు. కాలు లాక్కోగలననుకున్నారేమో, కుదరలేదు. బండికీ గోడకూ మధ్య మోకాలు ఇరుక్కుపోయింది. చక్రాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. నేను అరుస్తున్నాను.

"బ్యాటరీ ఎర్ర తీగ పీకు మ్మా" అన్నారు పళ్లు బిగబట్టి. పీకాను.

కాగితంలో 'కూర్చున్న మనిషి: ఆగలేదు' అని సారు కొత్త వరుస చేర్పించారు. మర్నాడు ప్రిన్సిపాల్ ఇద్దరినీ పిలిచారు. "దారిలో ఎవరు కూర్చుంటారండీ? ఆ వరుస తీసేసి సంతకం పెట్టండి. ఈ అమ్మాయి మార్కులు కూడా దీని మీదే ఉన్నాయి" అన్నారు. సారుది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. నేను ఐరాల దగ్గర మా ఊళ్లో ఇంజినీరింగ్ దాకా వచ్చిన మొదటి ఆడపిల్లను. ఆ మధ్యాహ్నమే ఆ వరుస లేకుండా కాగితాన్ని మళ్లీ ప్రింటు తీసి ఆయన బల్ల మీద పెట్టాను. తల ఎత్తలేకపోయాను.

సారు చదివారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. సంతకం మాత్రం పెట్టలేదు. వార్షికోత్సవం నాడు పూలదండలు వేసుకుని బండి వేదిక పక్కన కదలకుండా నిలబడింది. నేను పాసయ్యాను. ఆయన దగ్గర్నుంచి ల్యాబ్ తీసేసుకుని స్టోరు గది అప్పగించారు.

ఇప్పుడు బండ్ల బ్రేకులు పరీక్షించడమే నా పని. అంకెలు వేసే ముందు ఆ సందర్భాన్ని మామూలు మాటల్లో రాసుకోకుండా ఒక్క రోజూ మొదలుపెట్టలేదు.

ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు కాలేజీకి వెళ్లి, స్టోరు గదిలో ఉన్న సారుతో తప్పయిపోయిందన్నాను.

"నువ్వు ఇరుక్కోని ఉంటివి మ్మా. నేనూ అంతే. ఈ వయసులో నన్ను యాడ చేర్చుకుంటారు?" అన్నారు. మళ్లీ తనే, "నువ్వు తెచ్చిన ఆ కాగితం ఎవురికీ సూపియ్యలేదులే" అన్నారు.

స్టోరు గది నిండా పైకప్పు దాకా విరిగిన కుర్చీలు. మధ్యలో ఒక్క మనిషి పట్టేంత సందు. వాకిట్లో ఉన్న నన్ను సాగనంపడానికి సారు లేచారు. అందులో తిరగడానికి చోటు లేదు. చొక్కాకు తగులుకున్న కుర్చీ కాళ్లను విడిపించుకుంటూ, వీపు నా వైపే ఉంచి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ వాకిలి దాకా వచ్చారు.