తాళం బొమ్మ

ఈ ఉదయం కుందలహళ్ళి ఆఫీసు లిఫ్టులో ఎవరో లవంగం నములుతున్నారు. నాలుగు అంతస్తులు ఎక్కేలోగా నా కళ్ళు చెమర్చాయి. పక్కవాళ్ళు చూడకుండా ఫోను తీసి ఏదో చదువుతున్నట్టు నటించాను. నా మొదటి బాస్ రుక్మిణమ్మ గారి బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగావిడ. ఆవిడ పోయి రెండేళ్ళయింది.

మాదొక చిన్న సోషల్ నెట్‌వర్క్. అంతా ఒకే కంపెనీ చేతిలో ఉండదు. ఎవరి సర్వర్ వాళ్ళది, అయినా ఒకచోట రాసింది వేరే సర్వర్లలో ఉన్న స్నేహితులకూ చేరుతుంది. ఎంత పాత సాఫ్ట్‌వేర్ వాడే సర్వర్‌కైనా మా పోస్టు చేరితీరాలన్నది అప్పట్లో నా పిచ్చి. చేరినప్పుడల్లా చంకలు గుద్దుకునేవాడిని. "స్నేహితులకు మాత్రమే" అని పెట్టిన పోస్టు పక్కన ముచ్చటైన తాళం బొమ్మ గీసింది కూడా నేనే. ఆవిడ దాన్ని చాలాసేపు చూశారు.

"రాత ఇంకో సర్వర్‌కు పోయినంక తాళంచెవి ఎవరి చేతిలో ఉండాదప్పా?"

"ఆ సర్వర్ వాళ్ళ చేతిలోనే మేడమ్. మన గుర్తును మోస్ట్లీ ఫాలో అవుతారు."

"మోస్ట్లీకి తాళం బొమ్మ గీస్తారా?"

నేను నవ్వేశాను. ఆవిడ కూడా ఆ రోజుకు వదిలేశారు. అలా వదిలేసినందుకు తర్వాత నాకంటే ఎక్కువగా ఆవిడే బాధపడ్డారు.

బొమ్మసంద్రలో ఒక నర్సు, కొట్టే భర్తను వదిలి వచ్చి, కొత్త ఇంటి గుమ్మం ఫోటో స్నేహితులకు మాత్రమే పెట్టింది. వెనకాల వీధి బోర్డు కనిపిస్తోంది. ఆమె అక్క ఉన్న పాత సర్వర్‌కు మా గుర్తు అర్థం కాలేదు, ఫోటోను లోకమంతటికీ చూపించింది. వారం తిరక్కుండా భర్త ఆ వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. ఇరుగుపొరుగు అడ్డం పడబట్టి సరిపోయింది.

నర్సు మాకు రాసిన మెయిల్ చదివిన మర్నాడు రుక్మిణమ్మ గారు నన్ను ఆమె ఇంటికి తీసుకెళ్ళారు. ఆమె మళ్ళీ ఇల్లు మారడానికి సామాను సర్దుకుంటోంది. మాకు మంచినీళ్ళిచ్చి, నన్ను చూసి అడిగింది.

"తాళం బొమ్మ ఉండింది కదా సార్?"

"తప్పు మాదేనమ్మా" అన్నారు రుక్మిణమ్మ గారు. తర్వాత చీర కొంగు దోపుకుని నేలమీద కూర్చుని ఆమె గిన్నెలు కాగితాల్లో చుట్టడం మొదలుపెట్టారు. సిగ్గుతో నేనూ పక్కన కూర్చున్నాను.

"పాత సర్వర్లన్నీ కట్ చేసేద్దాం మేడమ్" అన్నాను తిరిగొస్తూ.

"అట్ల చేస్తే ఆ నర్సు పాప వాళ్ళక్కతో యెట్ల మాట్లాడేది? అది మనం తేల్చేది కాదప్పా. పంపేముందు ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆమెనే అడుగుదాము."

తాళం బొమ్మ తీసేశాం. దాని బదులు ఒక ప్రశ్న వచ్చింది: "ఈ సర్వర్‌లో మీ పోస్టును ఎవరైనా చూడొచ్చు. పంపమంటారా?" మాటిమాటికీ అడుగుతోందని విసుక్కుని చాలామంది మమ్మల్ని వదిలి వెళ్ళారు. నర్సు మాత్రం ఉండిపోయింది.

ఇవాళ్టి మీటింగు ఆ ప్రశ్న గురించే. దాన్ని తీసేస్తే అన్ని నెట్‌వర్కులతో సాఫీగా కలవొచ్చని కొత్తవాళ్ళ వాదన. వాళ్ళమీద కోపం రాలేదు, ఒకప్పుడు అది నా వాదనే. "ప్రశ్న ఉంటుంది" అన్నాను. ఎందుకని అడిగారు. బొమ్మసంద్రలో ఒకావిడ తాళం బొమ్మ గురించి నన్నొక మాట అడిగిందని, దానికి నేనింకా జవాబు చెప్పలేదని అన్నాను.