అమ్మబోయే ఇంటికి సిమెంటు పూత

మొన్న మా ఎదురు ఫ్లాటు అమ్మాయి వచ్చి, ఇల్లు అమ్మకానికి పెట్టామని, ఆదివారం కొనేవాళ్ళు చూడడానికి వస్తున్నారని, ఒకసారి వచ్చి ఏం బాగుందో ఏం బాగాలేదో చెప్పమని నన్ను చేయి పట్టుకుని తీసుకుపోయింది. బేగంపేటలో మా చిన్నమ్మాయి దగ్గరికి వచ్చి చేరాక ఈ అపార్టుమెంటులో నాకంటే పెద్దవాళ్ళు లేరు, అందుకని పచ్చళ్ళ కారం దగ్గర్నుంచి పసిపిల్లల కడుపునొప్పి దాకా అన్నిటికీ నన్నే పిలుస్తారు. వెళ్ళి చూస్తే సామానంతా నడి హాల్లోకి చేర్చి, ఇద్దరు పనివాళ్ళు బాత్రూము వెనక గోడకు చెమ్మ దిగిన మేర పుట్టీ పెట్టి నున్నగా రుద్దుతున్నారు. పక్కనే గులాబీ రంగు డబ్బా మూత తీసి ఉంది. ఎలా ఉందమ్మమ్మా అని ఆ పిల్ల ఆశగా నా మొహంలోకి చూసింది. బాగుంది అనడానికి నాకు నోరు రాలేదు. కాళ్ళు నొప్పులని చెప్పి వచ్చేసి, మధ్యాహ్నం అన్నం కూడా సరిగ్గా తినకుండా మంచం మీద వాలి, రెజిమెంటల్ బజారులో మేము అమ్ముకున్న ఇంటినే తలచుకుంటూ పడుకున్నాను.

నేను చదివింది ఐదో తరగతి. లెక్కలు రావు, సంవత్సరాలు చెప్పమంటే చెప్పలేను. కానీ ఆ ఇంట్లో ఏ కిటికీ రెక్క ఏ కాలంలో బిగుసుకునేదో, ఏ షాబాదు బండ మీద కాలు పెడితే కదిలేదో ఇప్పుడడిగినా చెబుతాను. బజారు వెనక సన్నటి గల్లీలో, ముందు హాలూ ఒక గదీ, వెనక వంటిల్లు, నడుమ ఆకాశం కనబడే చిన్న వాకిలి. రాతి గోడలు, పైన సున్నం గచ్చు. మా తరం వాళ్ళకు చెప్పక్కర్లేదు, ఆ గోడలు ఎండాకాలం మధ్యాహ్నం వీపు ఆనిస్తే నిద్ర పుట్టించేవి. వానాకాలంలో అడుగు నుంచి మోకాలెత్తు దాకా చెమ్మ పాకేది, పైన పొలుసులు రాలేవి, దసరా నాటికి అంతా ఆరిపోయేది. అప్పుడు మా అత్తగారు గాబులో రాతిసున్నం పోసి నీళ్ళు వదిలితే అది బుసలు కొడుతూ ఉడికేది, మర్నాడు పాత చీర గుడ్డలో వడగట్టి, చిటికెడు నీలిమందు, నానబెట్టిన తుమ్మబంక కలిపి, ఈత కుంచెతో తానే గోడలకు కొట్టేది. ఏటా ఇదే వరస. నాకు మాత్రం ఆ గోడలంటే సిగ్గుగా ఉండేది. మా పుట్టింటివాళ్ళు కొత్తగా సిమెంటు ఇల్లు కట్టుకున్నారు, చేత్తో రాస్తే గోడ గాజులా ఉండేది. మా ఇంట్లో గోడకు ఆనుకుని లేస్తే వీపంతా తెల్ల సున్నమే.

మామగారు పోయాక ఆ ఇల్లు ఇద్దరన్నదమ్ములకూ ఉమ్మడిది. మా ఆయన బజారులో రేకు పెట్టెల దుకాణంలో పని చేసేవాడు, మేము అత్తగారితో ఆ ఇంట్లోనే ఉండేవాళ్ళం. బావగారు రైల్వేలో పనిచేస్తూ మౌలాలి కాలనీ క్వార్టర్లో ఉండేవారు. ఆయన రిటైరయ్యే వేసవి వచ్చింది. కొద్ది నెలల్లో క్వార్టరు ఖాళీ చేయాలి. ఆయనకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది, ఎడమ చేత్తో గోడ పట్టుకుని, కుడి చేత్తో మోకాలు నొక్కుకుంటూ నడిచేది. ఆ పిల్ల కోసమని బావగారు మౌలాలిలోనే ఒక ఇల్లు చూసి పెట్టుకున్నారు. చిన్న ఇల్లే, కానీ నేలకు సమంగా గడప, ఇంటి ముందే నల్లా, గోడ పట్టుకునే చివరి దాకా నడిచిపోవచ్చు. శ్రావణం దాకా ఆగుతానని ఆ ఇంటాయన మాటిచ్చాడు. ఆలోగా రెజిమెంటల్ బజారు ఇల్లు అమ్ముడుపోవాలి, బావగారి వాటా ఆయన చేతికి రావాలి. ఆ పిల్ల అప్పటికే కొత్తింట్లో కుట్టుమిషను ఏ కిటికీ కింద పెట్టుకోవాలో అనుకుంటోందని మా తోటికోడలు చెబుతూ నవ్వేది.

సరిగ్గా అప్పుడే మా ఆడబిడ్డ పురుటికని అత్తగారు జనగామ వెళ్ళాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ, ఇల్లు చూడడానికి ఎవరైనా వస్తే ఏం చేయాలో నాకు అప్పజెప్పి పోయింది. తలుపు బందులకు నూనె రాయమంది, బిందెలు నిండుగా ఉంచమంది, పొయ్యి ఆర్పవద్దంది, పొయ్యి మండే ఇల్లు చూసినవాడికి తానక్కడ వండుకుని తింటున్నట్టు తోస్తుందట. ఒక మాట మాత్రం రెండుసార్లు చెప్పింది. "మొదలు మోరి సూపియ్యి, ఎనుక దేవుని అర్ర సూపియ్యి. ముందుగాల మంచిది సూపిస్తే తర్వాత సూసిందంతా మోసమనిపిస్తది." నేను తలూపాను. మురుగునీళ్ళు పోయే మోరీ ఎవరైనా ముందు చూపిస్తారా అని లోపల నవ్వుకున్నాను.

అత్తగారు బస్సెక్కిన వారానికల్లా నేను మా ఆయన చెవిలో ఇల్లు కట్టుకున్నాను. పొలుసులూడే గోడలు చూసి ఎవరు కొంటారు, హాలు గోడలకైనా సిమెంటు చేయిద్దాం, బావగారికి మంచి ధర వస్తే ఆ పిల్లకే మేలు కదా అన్నాను. ఆ చివరి మాట నిజమే గానీ, అత్తగారు లేనప్పుడు ఆ ఇల్లు నా ఇష్టప్రకారం ఒక్కసారైనా మెరవాలన్న కోరిక అంతకంటే పెద్ద నిజం. ఈ వయసులో దాచడమెందుకు.

ఎప్పుడూ మా ఇంటి గచ్చు మరమ్మత్తులు చూసే ముసలి మేస్త్రీని పిలిపించాం. ఆయన గోడ మీద చెవి పెట్టినంత పని చేసి, గోరుతో గీకి, తల అడ్డంగా ఊపాడు.

"వద్దు బిడ్డా. ఇది సున్నం గోడ. కింద తేమ తాగుతది, పైకెల్లి ఇడుస్తది. సిమెంట్ కొట్టినవనుకో, ఇడిసెటందుకు దారుండది. రొండు వానలు పడ్డంక సూడు, పరేషాన్ అయితరు."

"సిమెంటు పని రాదని చెప్పరాదా తాతా, గోడ మీద ఎందుకు పెడ్తవ్?" అన్నాను నేను.

ఆయన కోపగించుకోలేదు. తాపీ సంచిలో పెట్టుకుని, "నీ ఇల్లు, నీ మర్జీ" అని చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. మేము వేరే మేస్త్రీని తెచ్చుకున్నాం. నాలుగు రోజుల్లో హాలు నాలుగు గోడలూ సిమెంటు పూతతో అద్దంలా తేలాయి. పైన లేత ఆకుపచ్చ రంగు. దీపం పెడితే గోడలో దీపం కనబడింది. ఆ రోజు నేను పడ్డ సంతోషం నా పెళ్ళినాడు కూడా పడలేదు.

స్టేషను దగ్గర బట్టల దుకాణం పెట్టుకున్న ఒకాయన భార్యతో వచ్చి చూశాడు. ఆవిడ గోడ మీద అరచేయి పెట్టి నిమిరింది. వాళ్ళకు ఇల్లు నచ్చిందని ఆ నిమరడంలోనే తెలిసిపోయింది. అయితే మర్నాడే ఆషాఢం. ఆషాఢంలో మంచి పనులు మొదలుపెట్టం, శ్రావణం రాగానే ఈవిడ నాన్నగారిని తీసుకొచ్చి చూపించి బయానా ఇస్తాం, ఇంకెవరికీ మాటివ్వకండి అన్నారు. మేమూ అలాంటి పట్టింపులున్నవాళ్ళమే కాబట్టి సరేనన్నాం. బావగారికి కబురు వెళ్ళింది. ఆ సాయంత్రమే ఆయన మౌలాలి ఇంటాయనను కలిసి, ఇంకొక్క నెల, ఖాయం అని చెప్పి వచ్చారట.

ఆ నెలలో వానలు పట్టుకున్నాయి. జనగామ నుంచి తిరిగొచ్చిన అత్తగారు చెప్పులు విప్పీ విప్పకముందే హాల్లోకి వచ్చి నిలబడిపోయింది. తిడుతుందనుకున్నాను. గోడ దగ్గరికి వెళ్ళి చేయి ఆనించి, "మంచిగనే కొట్టిండ్రు. గని ఇది మన గోడ లెక్క లేదు" అని మాత్రం అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది. నాలుగో రోజుకు కిటికీ కింద అరచేయంత ఉబ్బు కనబడింది. పదో రోజుకు అది పళ్ళెమంత అయింది. లోపల తడి, పైన తడి, మధ్యలో పూత పట్టు వదిలేసి పొంగిన పూరీలా నిలబడింది. నేను ఆ ఉబ్బులకు అడ్డంగా ఒకచోట పెట్టె, ఒకచోట మంచం జరుపుకుంటూ, శ్రావణం తొందరగా రావాలని దేవుళ్ళకు మొక్కుకుంటూ తిరిగాను.

శ్రావణం మొదటి శుక్రవారం వాళ్ళు వచ్చారు. కొనే ఆయన మామగారు చేతికర్రతో వచ్చిన పెద్దమనిషి, హాల్లో నడుస్తూ ఊరికే అలవాటు కొద్దీ కర్ర పిడితో గోడ మీద టకటక కొట్టాడు. డొల్ల చప్పుడు వచ్చింది. ఇంకోచోట కొట్టాడు. కిటికీ కింది ఉబ్బు మొత్తంగా ఊడి ఆయన కాళ్ళ ముందు పడింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, ఊడిన ముక్కను కర్రతో పక్కకు తోస్తూ అల్లుడితో అన్నాడు. "మనం ఇల్లు సూడనీకొస్తే ఇల్లే మనకు ఎదురొస్తుంది కదా, అల్లుడా!"

ఆయన మా వైపు తిరిగి, ఈసారి నిదానంగా, "ఏం దాసిపెట్టిండ్రమ్మా దీని ఎనుక?" అని అడిగాడు.

వెనక ఏమీ లేదు. తాతల నాటి రాతి గోడ, దాని మీద నిజాయితీగా నిలబడ్డ సున్నం, అంతే. దాచడానికి ఏమీ లేని గోడను నేనే దొంగను చేసి నిలబెట్టాను. ఆ మాట ఎంత చెప్పినా వాళ్ళెందుకు నమ్ముతారు? మర్యాదగా మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

అత్తగారు ఆ వారమే మనిషిని పెట్టి సిమెంటంతా ఉలితో కొట్టించేసింది. పుండు మీద కట్టు విప్పినట్టు గోడలు బోసిగా, తడిగా బయటపడ్డాయి. ఇల్లు చూస్తామని వచ్చినవాళ్ళందరికీ ఆవిడ ముందు మోరీ చూపించి, తర్వాత ఆ బోసి గోడలు చూపించి, జరిగింది చెప్పేది. చాలామంది విని వెళ్ళిపోయారు. దసరా తర్వాత గోడలారి, సున్నం కొట్టాక, ఒక బడి పంతులుగారు అంతా విని, ఆ గోడలే కావాలని కొనుక్కున్నారు. ధర కూడా తక్కువేం రాలేదు. కానీ అప్పటికి మౌలాలి ఇల్లు వేరేవాళ్ళ చేతికి పోయి రెండు నెలలు దాటింది, క్వార్టరు గడువూ అయిపోయింది. బావగారు దొరికిందే చాలని ఒక మేడ మీది పోర్షనులోకి సామాను చేర్చారు. కిందినుంచి పైకి నిటారుగా మెట్లు, పట్టుకోవడానికి కటకటాలు కూడా లేవు. మళ్ళీ నేల మీద ఇల్లు వాళ్ళకు కుదరనే లేదు. ఆయన వాటా డబ్బు బ్యాంకులో ఉండగానే ధరలు వాళ్ళను దాటి వెళ్ళిపోయాయి.

సామాను చేర్చిన రోజున బావగారు అందరి ముందూ, గోడలకు సిమెంటు చేయించిన తెలివి ఎవరిదని అడిగారు. మా ఆయన తల వంచుకున్నాడు. అత్తగారు వక్క కొరుకుతూ, "నేనే చెయ్యమని చెప్పి పోయిన. ముసల్దాన్నయిన, బుద్ధి పనిజెయ్యలే" అంది. బావగారు తల్లిని ఏమంటారు? లేచి బయటికి వెళ్ళిపోయారు. నేను అప్పుడు నోరు విప్పలేదు. తర్వాత ఆవిడ బతికున్న అన్నేళ్ళలోనూ విప్పలేదు. ఆవిడ కూడా ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు, ఎత్తి ఉంటే నాకు కాస్త తేలికయ్యేదేమో.

ఆ పిల్ల ఆ మేడ మీదే కుట్టుమిషను పెట్టుకుంది. జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు పైకి వచ్చేవాళ్ళు, గుడికీ బజారుకూ దవాఖానాకూ మాత్రం తనే దిగాలి, తనే ఎక్కాలి. కటకటాలు లేవు కాబట్టి ఎడమ అరచేయి గోడకు ఆనించి ఎక్కేది. ఆ చేయి తగిలినంత మేర, భుజమెత్తున, కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా సున్నం మీద ఒక నల్లటి చార పడింది. ఇంటివాళ్ళు ఏటా పండుగకు సున్నం కొట్టించేవారు, రెండు నెలలు తిరక్కుండానే చార మళ్ళీ వచ్చేది. నేను వెళ్ళినప్పుడల్లా ఆ చార వైపు చూడకుండా ఎక్కాలనుకునేదాన్ని, ఎక్కలేకపోయేదాన్ని. ఒకసారి ఆయాసపడుతూ పైకి చేరి, ఈ మెట్లు ఎట్లా ఎక్కుతావే తల్లీ అని ఊరుకోలేక అడిగాను. తను మిషను ఆపకుండానే, "పైన గాలి మంచిగొస్తది చిన్నమ్మా" అంది. ఆ సిమెంటు సంగతి తెలిసి అన్నదో, తెలియక అన్నదో.

ఆ పిల్ల పోయి కూడా చాలాకాలమైంది. ఆ మేడా లేదు, అక్కడ ఇప్పుడు లిఫ్టున్న అయిదంతస్తుల భవనం లేచింది. ఇళ్ళు కూడా ఇప్పుడు ఫోనులో బొమ్మలు చూసి కొంటున్నారు. అమ్మేవాళ్ళు కొనేవాళ్ళ మొహం చూడరు, వానాకాలంలో ఈ గోడ ఎలా ఉంటుందని అడిగేవాళ్ళూ లేరు, చెప్పేవాళ్ళూ లేరు. నిన్న పొద్దున లేచి ఎదురింటి అమ్మాయికి ఇదంతా చెప్పాను, అత్తగారు బతికుండగా చెప్పవలసిన మాటలన్నీ మాకేమీ కాని పిల్లకు చెప్పాను. అది శ్రద్ధగానే విని, అమ్మమ్మా, ఇప్పటి రంగులు అప్పటిలాంటివి కావు, మరకలు పడవు, ఏది తగిలినా తడిగుడ్డతో తుడిస్తే పోతుంది అని నాకు ధైర్యం చెప్పింది. మంచిదే. కానీ ఎవరో ఒకరు చేయి ఆనించుకుని ఏళ్ళ తరబడి నడిచినా, ఆ సంగతి గోడకు కూడా తెలియని ఇళ్ళలో మనం ముసలివాళ్ళమవుతున్నాం.