కుంచె దించి రంగు పోశాను

కోరుట్ల బస్టాండు నుంచి కూరగాయల మార్కెట్ దాకా నడిచేవాళ్లు ఒకప్పుడు నేను రాసిన అక్షరాల కిందనుంచే నడవాలి. కిరాణా కొట్లు, బట్టల షాపులు, మందుల దుకాణాలు, రెండు ఫంక్షన్ హాళ్లు, అన్నీ నా బోర్డులే. స్కేలు పెట్టి గీత కొట్టుకునే అలవాటు నాకు లేదు. సుద్దముక్కతో రెండు చివర్లా చెరో చుక్క పెట్టుకుని, పన్నెండడుగుల బోర్డు మీద అక్షరాలన్నీ ఒకే ఎత్తులో దించేవాణ్ని. 'శ్రీ' రాస్తుంటే దారినపోయేవాళ్లు సైకిల్ ఆపి చూసేవారు. గొప్పకు చెప్పడం లేదు అందామనుకున్నాను కానీ, గొప్పకే చెబుతున్నాను.

ఫ్లెక్సీలు వచ్చి ఆ బోర్డుల్ని ఒక్కొక్కటిగా దించేశాయి. అయినా బడుల పేర్లు, నీళ్ల ట్యాంకుల మీద రాతలు, గుడి గోడ మీద దాతల పేర్లు నాకు మిగిలాయి. మధ్యలో ఇళ్లకు రంగులు వేసుకుంటూ నెట్టుకొచ్చాను. యాభై దాటాక కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట చాయ్ కప్పు సాసరు మీద గలగలలాడింది. తర్వాత అన్నం ముద్ద జారింది. కుంచె పట్టినప్పుడు మాత్రం వణకదులే అని నన్ను నేను నమ్మించుకున్నాను.

మేడిపల్లిలో ఒక బడి గేటు మీద పేరు రాయడానికి వెళ్లిన రోజున ఆ నమ్మకం పోయింది. 'పాఠశాల'లో 'ఠ' దగ్గర చెయ్యి నిలవలేదు. గుండ్రంగా రావలసింది కోడిగుడ్డులా వచ్చింది. తారపీను నూనె అద్దిన గుడ్డతో తుడిచి మళ్లీ రాశాను. మళ్లీ అంతే. మూడోసారి తుడుస్తుంటే హెడ్మాస్టరు కింద నిలబడి మెల్లగా అన్నాడు.

"దిగు అన్నా, జర చాయ్ తాగు. తొందరేం లేదు, తర్వాత రాద్దువు."

దిగాను. చాయ్ తాగాను. మళ్లీ నిచ్చెన ఎక్కలేదు. మిగతా అక్షరాలు జగిత్యాల నుంచి నా పాత స్నేహితుడు వచ్చి రాసిపోయాడు.

జగిత్యాలలో డాక్టరమ్మ చేతులు చాపించి చూసింది, కాగితం మీద సున్నలు చుట్టించింది. "ప్రాణానికేం భయం లేదు. మందులతోని కొంచెం తగ్గుతది. గనీ సన్నపని ఇగ కష్టమే" అంది. ఇంటికొచ్చి కుంచెలన్నీ కడిగి, పాత లుంగీలో మూటకట్టి సజ్జ మీద పెట్టాను. ఆ తర్వాత కొన్ని నెలలపాటు అరుగు మీద కూర్చోవడం తప్ప నేను చేసిందేమీ లేదు. మా ఆవిడ చాట ముందేసుకుని బీడీలు చుడుతుంటే ఆమె వేళ్లవైపు చూసేవాణ్ని కాదు. అవి అంత నిలకడగా, అంత చురుగ్గా కదిలేవి.

మా బిడ్డ డిగ్రీ చదివి ఊళ్లోనే చిన్నపిల్లల బడిలో చెబుతుంది. ఒక ఆదివారం ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. ఎవరో పరాయి దేశపు స్త్రీ ఒక గ్లాసులో నాలుగైదు రంగులు ఒకదాని మీద ఒకటి పోసి, ఆ గ్లాసును చెక్క మీద బోర్లించి ఎత్తింది. రంగులు జారి పరుచుకున్నాయి. చెక్కను అటూ ఇటూ వంచింది. అంతే.

"గిదేం పెయింటింగు? ఒలకబోసుడు గూడ ఒక పనేనా?" అన్నాను.

"బాపు, జర ఆగి సూడు. ఆమె చేతుల కుంచె లేదు."

"నాకు సూపియ్యకు గివన్ని" అని లేచి బయటికి వెళ్లిపోయాను. నా మీద జాలితో తెచ్చిందని కోపం. కానీ చూసింది కళ్లలోంచి పోలేదు. ఆ నలుపు మీద పసుపు వచ్చి కూర్చుంది, రెండూ కలిసి మురికి కాలేదు. ముప్పై ఏళ్లు రంగులు కలిపినవాణ్ని, అదెలాగో నాకు తెలియలేదు. తెలియకపోవడం భరించలేకపోయాను.

మర్నాడు బిడ్డ బడికి వెళ్లగానే, మిగిలిపోయిన గోడరంగుల డబ్బాలు తీసి వెనక రేకుల కింద కూర్చున్నాను. ప్లైవుడ్ ముక్క మీద పోసి వంచాను. అన్నీ కలిసిపోయి ఒకటే మట్టిరంగు. మా ఆవిడ వచ్చి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏందయ్యా గిది, పెండతోని అలికినట్టున్నది!"

నాకూ నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత ఇద్దరం కలిసి నవ్వాం. ఆమె వంగి, నేను రంగు కలిపిన కప్పులోని పుల్ల ఎత్తి చూసింది. "గింత పలుచగుంటే కలువక ఏమైతయి? పాకం పట్టినట్టు పట్టాలె. తీగ సాగాలె" అంటూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రంగు అద్దుకుని సాగదీసి చూపించింది. నా రంగుకు తీగ రాలేదు.

అప్పటినుంచి అది ఆమె పని అయింది. రంగులో వడ్రంగులు వాడే తెల్ల జిగురు కలిపి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తుంటే, ఆమె వేళ్లతో చూసి "ఇగ సాలు" అంటే అప్పుడు ఆపేవాణ్ని. అన్ని రంగులూ ఒకే పాకానికి వస్తే ఒకదానిలో ఒకటి కలవకుండా పక్కపక్కనే జారతాయి. తెలుపు బరువైన రంగు. డబ్బా ఎత్తినప్పుడే అది తెలుస్తుంది. దాన్ని పైన పోస్తే కిందికి దిగుతూ తేలిక రంగుల్ని పైకి తోస్తుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, డబ్బాలు మోసిన చెయ్యి చెప్పింది. బిడ్డ ఫోనులో చూసి ఇంకోటి కనిపెట్టింది. జుట్టుకు రాసుకునే సీరం రెండు చుక్కలు కలిపితే రంగు అక్కడక్కడా విచ్చుకుని చేప పొలుసుల్లాంటి కన్నాలు పడతాయి. వారం తిరక్కుండా ఆమె సీసా సగానికి వచ్చింది.

మొదటి రెండు పలకలు బాగా వచ్చి, ఎండలో పెట్టినందుకు నెర్రెలిచ్చాయి. మూడోదాన్ని నీడలో, మేస్త్రీల రసమట్టంతో సమంగా ఉందో లేదో చూసి పెట్టి, మూడు రోజులు ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. నీలం, తెలుపు, ఆవపిండి పసుపు, కొంచెం నలుపు. ఆరాక బిడ్డ దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి చాలాసేపు చూసింది.

"బాపు, గీ అంచులకు సన్నసన్న అలలున్నయి సూడు. ఫోన్ల ఆమెకు గివి రాలే. గివి ఎట్ల అచ్చినయి?"

నేను చూశాను. చెక్కను వంచేటప్పుడు చెయ్యి వణికిన చోటల్లా రంగు సన్నని మడతలుగా పడింది. చీర కుచ్చిళ్లలా, వరసగా, ఒకదాని వెనక ఒకటి. "చెయ్యి వణికింది గదా బిడ్డా" అన్నాను. ఆ మాట సిగ్గుపడకుండా అనడం అదే మొదలు.

తర్వాతి సారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు ఒక చిన్న పలక పాత దినపత్రికలో చుట్టి తీసుకెళ్లాను.

"ఎవరు వేసిండ్రు గిది?"

"నేనే మేడం."

"ఈ చేతులతోనా?"

"గీ చేతులతోనే."

ఆమె దాన్ని బల్ల మీద నిలబెట్టి వెనక్కి జరిగి చూసింది. కొత్తగా కట్టిస్తున్న దవాఖానలో రోగులు కూర్చునే హాలు ఉందనీ, దాని గోడకు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తుతో ఇలాంటిదే కావాలనీ అడిగింది. చేస్తానని అనేశాను. బస్సులో కూర్చున్నాక గానీ భయం వేయలేదు. ప్లైవుడ్ షీటు మొత్తం అది. దాన్ని వంచడం ఒక్కరి వల్ల కాదు. మా ఇంట్లో అది పరిచే చోటు కూడా లేదు.

సిరిసిల్లలో మా అక్క వాళ్లకు మరమగ్గాల షెడ్డు ఉంది. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. పాతబడిన రెండు సాంచెలు తీసేయడంతో ఒక పక్క చోటు ఖాళీగా ఉంది. ఫోను చేస్తే బావ ఒక్క మాటలో ఒప్పుకున్నాడు. "రా బామ్మర్దీ, ఐతారం నాడు సాంచెలు బందు పెడ్త. అవి నడిస్తే నేల అదురుతది, నీ మాట గూడ మాకు ఇనవడది."

ఆ ఆదివారం పొద్దున్నే నేను, మా ఆవిడ, బిడ్డ వెళ్లాం. షెడ్డులోకి అడుగు పెట్టగానే తల ఎత్తి చూశాను. దూలాల మీద, రేకుల కింద, ఎక్కడ చూసినా దూది నుసి. తడి రంగు మీద అది రాలితే అంతా పాడవుతుంది. అక్క నా ముఖం చూసి సంగతి అడిగింది. చెప్పాను. ఆమె కొత్తగా నేసి మడతపెట్టిన తెల్లబట్ట తానొకటి తెచ్చి, బావ చేత నాలుగు వైపులా తాళ్లు కట్టించి, పెళ్లిపందిరిలా పైన పరిపించింది. నేలంతా నీళ్లు చల్లించింది.

ఐదు బకెట్లలో రంగులు కలిపాం. మా ఆవిడ ఒక్కో బకెట్ దగ్గరా వేళ్లు ముంచి చూసి "ఊఁ" అంటేనే ముందుకు. స్టూళ్ల మీద పెట్టిన చెక్కకు నాలుగు మూలలా నలుగురు నిలబడ్డారు. బావ, అక్క, మా ఆవిడ, బిడ్డ. నేను మగ్గులతో రంగు మీద రంగు పోసి, వెనక్కి జరిగి, "లేపుండ్రి" అన్నాను.

ఎనిమిదడుగుల చెక్క నలుగురి చేతుల్లో పైకి లేచింది. రంగు ముందు కదలలేదు. తర్వాత నెమ్మదిగా, చెరువు తూము ఎత్తినట్టు, ఒక వైపుకు నడిచింది.

"అక్కా, నీ మూల దించు. ఇంకొంచెం. ఆగు! బావా, నువ్వు లేపు."

"తమ్మీ, నా చీర మీద కారుతున్నదిరా!"

"కారనియ్యి! చెక్క ఇడువకు!"

"గట్లెట్ల కారనియ్యాలె, పండుగకు కొన్న చీర!"

"మరెందుకు కట్టుకున్నవ్?" అని బావ అటునుంచి అరిచాడు. "నా తమ్ముడు పని చేస్తుంటే పాతచీర కట్టుకుంటనా?" అంది అక్క, చెక్క వదలకుండానే. అందరూ నవ్వడంతో చెక్క ఊగింది, నేను గట్టిగా కేకలేశాను. ఆ కేక విని నాకే ఆశ్చర్యం వేసింది. నిచ్చెన మీదున్నప్పటి నా గొంతు అది.

ఎంత వంచినా బావ మూలకు రంగు చేరలేదు. జానెడు మేర చెక్క బోసిగా కనబడుతోంది. ఇంకా వంచితే మిగతాదంతా జారిపోతుంది. చెక్కను స్టూళ్ల మీద దింపించి, మగ్గు అడుగున మిగిలిన తెలుపూ నీలమూ పట్టుకుని ఆ మూలకు వెళ్లాను. రెండు చేతులూ పెట్టినా మగ్గు వణుకుతూనే ఉంది. సన్నగా పోశాను. ధార నా చేతితోపాటు అటూ ఇటూ అల్లాడుతూ, మీద పడిన చోటల్లా గీత మీద గీతగా ముడుచుకుంటూ పరుచుకుంది. చేతిని ఆపాలని నేను ప్రయత్నించలేదు. మూల నిండాక మగ్గు దించి చూస్తే, మొత్తం చెక్క మీద అంత చక్కని చోటు ఇంకొకటి లేదు.

బావ చాలాసేపు వంగి చూశాడు. యవ్వనమంతా నూలుకు రంగులద్దే కార్ఖానాలో పనిచేసిన మనిషి, రంగు గురించి ఊరికే మాట పారేసుకోడు. "నేను చానా రంగులు సూసిన బామ్మర్దీ. గిసుంటిది సూడలే" అన్నాడు.

రంగు ఆరేదాకా, నాలుగు రోజులు సాంచెలు ఆపే ఉంచాడు. వద్దన్నా వినలేదు.

ఆరిన చెక్కను దుప్పట్లలో చుట్టి, ట్రాలీ ఆటోలో జగిత్యాల తీసుకెళ్లాం. దవాఖాన మొదలైన రోజున మేం ఐదుగురం ఆ హాల్లో ఒక బెంచీ మీద, మందు చీటీల కోసం వచ్చినవాళ్లలా కూర్చున్నాం. ధర్మపురి నుంచి వచ్చిన ఒక ముసలాయన కర్ర ఆనించి దాని ముందు నిలబడి, పక్కనున్న కోడలితో, "గిది గోదారే. వరద దిగినంక ఇసుక మీద గిట్లనే గీతలుంటయి" అన్నాడు. ఒకామె మస్కట్‌లో ఉన్న భర్తకు వీడియో కాల్‌లో చూపిస్తోంది. "ఏమో, ఏం బొమ్మనో ఎరుకలేదు. సూస్తుంటే మంచిగ అనిపిస్తున్నది. నువ్వు గూడ సూడు" అని ఫోను గోడకు దగ్గరగా పట్టుకుంది.

చెప్పకూడదని ముందే అనుకున్నాం. మా బిడ్డ ఎంతసేపు ఆగుతుంది? లేచి ఆమె దగ్గరికి వెళ్లి, "అక్కా, గిది మా బాపు చేసిండు. కోరుట్ల" అనేసింది. ఆమె ఫోను నావైపు తిప్పింది. మస్కట్‌లో ఉన్న ఎవరో తెలియని మనిషి తెర మీంచి నాకు నమస్కారం పెట్టాడు. నేనూ లేచి నిలబడి, వణుకుతున్న చేతులు దాచుకోకుండా రెండూ జోడించాను. పక్కన బావ ఛాతీ విరుచుకుని కూర్చున్న తీరు చూస్తే ఆ పనంతా ఆయనే చేశాడనుకోవాలి. సగం నిజమే కదా.

ఇప్పుడు ఆదివారాల్లో మా వాడలోని బీడీలు చుట్టే ఆడవాళ్లు నలుగురైదుగురు మా రేకుల కిందికి వస్తారు. నేను పోయడం చూపిస్తాను, మా ఆవిడ కలపడం నేర్పుతుంది. ఆమె నాకంటే కఠినమైన పంతులు.

మొన్న ధర్మపురిలో ఒక ఇంటివాళ్లు తమ ముందుగదికి గోదావరి రంగులతో ఒకటి కావాలన్నారు. ఆ రంగులేవో కళ్లారా చూసుకుందామని మేమిద్దరం బస్సెక్కాం. కొత్త నీళ్లు వచ్చి నది ఎర్రగా పారుతోంది. నేను ఎరుపు, ఇటుక రంగు, నురగ తెలుపు అని వేళ్లమీద లెక్కపెట్టుకుంటున్నాను. మా ఆవిడ మెట్ల మీద కూర్చుని కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"గా అవతలి ఒడ్డు దగ్గర పావురం మెడ రంగున్నది, సూసినవా?" అంది.

నేను చూడలేదు. ఆమె వేలు చూపించినవైపు చాలాసేపు చూస్తే అప్పుడు కనబడింది.