జేబు కింది నీలం

ఈ ప్రయాణానికి కారణం వాషింగ్ మెషిన్. అమ్మ కుట్టిన బొంతను అందులో వేసిన బుద్ధిహీనురాలిని నేనే కాబట్టి వేరేవాళ్ళను తిట్టుకునే వీలు కూడా లేదు. పాత చీరలు, పాత చొక్కాలు ముక్కలు చేసి, గళ్ళు గళ్ళుగా అతికి, కింద ఇంకో చీర పరిచి చేతితో కుట్టిన బొంత అది. మొత్తం పన్నెండు గళ్ళు. ఒక్కో గడి నడుమ అరచేయంత ముదురు నీలం ముక్క, దాని చుట్టూ రెండు వైపులా వెలిసిన నీలం పట్టీలు, మిగతా రెండు వైపులా అమ్మ నూలు చీరల పట్టీలు. మెషిన్‌లోంచి తీసేసరికి పదకొండు గళ్ళే బాగున్నాయి. పన్నెండోదాని నడిమి ముక్క పీచుపీచైపోయింది, చుట్టూ ఉన్న పట్టీలు ఊడి వేలాడుతున్నాయి. బాపు పోయి తొమ్మిదేళ్ళు, అమ్మ పోయి నాలుగేళ్ళు. ఇద్దరి బట్టలూ ఒకచోట ఉన్నది ఆ బొంతలోనే. వారం రోజులు నాకు అన్నం సహించలేదు.

హైదరాబాద్‌లో ఒక బొటిక్ ఆవిడకు చూపిస్తే, చటుక్కున ఒక విదేశీ పుస్తకం తెరిచి, "ఇది లాగ్ క్యాబిన్ అండీ, దుంగల ఇల్లు డిజైన్. మీ మదర్ ఎక్కడ నేర్చుకున్నారు?" అంది. మా అమ్మ తన జన్మలో దుంగల ఇల్లు చూడలేదు. ఆమె చూసిందల్లా గోదావరిఖనిలో రెండు గదుల కంపెనీ క్వార్టర్. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ ఆ గడి పైనుంచి చూసిన బతుకమ్మలా కనిపించేది, అదేనని నమ్ముకున్నాను కూడా. ఆవిడ మాటా నా నమ్మకమూ రెండూ తప్పని తర్వాత తెలిసింది. అప్పటికి గుర్తున్నదొక్కటే. ఎండాకాలం వస్తే లచ్చవ్వ అనే ఆమె మా ఇంటికి వచ్చి, వరండాలో అమ్మ పక్కన కూర్చుని కుట్టేది. ఆమె ఉంటే ఆ గడి ఏమిటో చెబుతుంది, మళ్ళీ కుట్టి కూడా ఇస్తుంది. కోఠీలో తిరిగి తిరిగి ఆ నడిమి ముక్క రంగుకు సరిపోయే కొత్త బట్ట ఒక మీటరు కొన్నాను. పట్టీల రంగు కూడా సరిచూసుకోవాల్సి వస్తుందేమోనని, బీరువాలో మిగిలిన బాపు బొగ్గు గని డ్యూటీ చొక్కా ఒకటి సంచిలో పెట్టుకున్నాను. ఆయన చొక్కాల్లో మిగిలింది అదొక్కటే.

జూబ్లీ బస్ స్టేషన్‌లో పొద్దున అయిదున్నరకు బస్సెక్కాను. గోదావరిఖనికి టికెట్ నూట డెబ్బై చిల్లర. వెళ్ళేటప్పుడు ఎడమ వైపు కిటికీ సీటు పట్టుకోండి, పొద్దుటి ఎండ మీద పడదు. కరీంనగర్‌లో పావుగంట ఆగుతుంది, చాయ్ తాగడానికి, కాళ్ళు చాపుకోవడానికి సరిపోతుంది. పెద్దపల్లి దాటాక రోడ్డంతా లారీలే. పల్లె గోడలన్నిటి మీదా జై తెలంగాణ అని ఎర్ర రంగు రాతలు. జ్యోతినగర్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు దూరం నుంచే కనిపించేసరికి, చిన్నప్పుడు సెలవుల నుంచి వచ్చేటప్పుడు "ఇల్లొచ్చింది" అని బాపు నన్ను లేపడం గుర్తొచ్చింది. ఈసారి లేపేవాళ్ళు లేరు, నిద్రా పట్టలేదు. పదకొండింటికి బస్టాండులో దిగాను.

ఆటో అతని పేరు సమ్మయ్య, ముప్పై అయిదేళ్ళుంటాయేమో. ఎక్కడికి పోవాలో నాకే సరిగ్గా తెలియదని చెప్పేసరికి నవ్వాడు.

"బొంతలు కుట్టే లచ్చవ్వ అని ఒకామె ఉండేది అన్నా. ఏడున్నదో ఏమన్న ఎరుకనా?"

"బొంతల లచ్చవ్వనా? గామె ఈడ లేదక్కా. కొడుక్కు శ్రీరాంపూర్‌ల డ్యూటీ. గాడనే క్వార్టర్ల ఉంటున్నరు. మా ఇంట్ల బొంత గూడ గామె కుట్టిందే."

పోయి రావడానికి, అక్కడ ఆగడానికి కలిపి మూడు వందలకు ఒప్పుకున్నాడు. బస్సులో పోతే ఇరవై లోపే అవుతుంది, కాని క్వార్టర్లు రోడ్డుకు లోపలగా ఉంటాయి. ముందు మా పాత కాలనీ వైపు పోనిమ్మన్నాను. మా క్వార్టర్ అలాగే ఉంది, తలుపు రంగు మాత్రం మారింది. బాపు కట్టిన దండెం తీగ మీద ఎవరివో డ్యూటీ చొక్కాలు ఆరుతున్నాయి. దిగి, ఒక్కసారి లోపలికి వచ్చి చూడవచ్చా అని అడగాలనిపించింది. ఏమని అడగను? అయిదు నిమిషాలు ఆటోలోనే కూర్చుని, పోదాం పద అన్నాను. సమ్మయ్య ఆటో తిప్పాడు.

గోదావరి వంతెన మీద గాలి బాగుంది. నీళ్ళు తక్కువ, ఇసుక ఎక్కువ. ఇందారం మీదుగా శ్రీరాంపూర్ చేరడానికి ముప్పావు గంట పట్టింది.

లచ్చవ్వ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఒక కంటికి పొర వచ్చింది. నేనెవరో చెప్పేలోపే సంచిలోంచి బయటికి కనిపిస్తున్న బొంత కొస పట్టుకుని, కుట్ల మీద బొటనవేలు పోనిచ్చింది.

"రాజవ్వ బొంత గదా ఇది. నువ్వు ఆమె బిడ్డ సుజాతవా? గింత లావైనవేంది?"

లావు సంగతి పక్కన పెట్టి జరిగిందంతా చెప్పి, ఆ గడి పేరేమిటని అడిగాను. మెషిన్ మాట వినగానే నా వైపు చూసిన చూపుకు, నలభై నాలుగేళ్ళ దాన్ని, తల దించుకున్నాను. తర్వాత కొంచెం గర్వంగానే కొత్త బట్ట తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి, పక్కకు పెట్టేసింది.

"కొత్త బట్టతోని బొంత కుడ్తరా ఎవరన్న? ఒక్క ఉతుకుకే ముడుచుకుంటది. చుట్టున్న పాత ముక్కలను గుంజి చింపుతది."

"మరి నడిమి ముక్కలకు అమ్మ కొత్త బట్ట పెట్టలేదా? అవి మాత్రమే ముదురుగా ఉన్నయి కదా?"

ఆమె సంచిలోంచి బాపు చొక్కా అందుకుంది. ఉతికి ఉతికి, దండెం మీద ఎండి ఎండి బూడిద రంగుకు వచ్చిన చొక్కా. జేబును రెండు వేళ్ళతో వెడల్పు చేసి నాకు చూపించింది. "లోపట చూడు."

చూశాను. జేబు కప్పిన ఆ చారెడు చోట చొక్కా ఇంకా ముదురు నీలంగా ఉంది.

"గక్కడ ఎండ తాకది బిడ్డా, రాయి తాకది. బొగ్గు బాయిల పనిచేసెటోళ్ళ అంగికి మోచేతులు పోతయి, కాలరు పోతది. వీపు పట్టీలకు వస్తది. జేబు కింది ముక్క మాత్రం కొత్త లెక్కనే ఉంటది. ఒక అంగికి ఒక గడి. పేరంటవా, పేరేముంటది? జేబు గడి అంటుంటిమి."

పన్నెండు గళ్ళంటే బాపు తొడిగి పారేసిన పన్నెండు చొక్కాలు. ఇన్నేళ్ళూ ఆయన గుండె మీది బట్ట కప్పుకుని పడుకుంటూ, దాన్ని బతుకమ్మ అనుకున్నాను. ఏడుపు వచ్చేసింది. లచ్చవ్వ నన్ను ఊరుకోమనలేదు. లోపలికి పోయి జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చి ముందు పెట్టింది. సమ్మయ్యను కూడా పిలిచి పెట్టింది.

తిన్నాక అసలు మాట చెప్పింది. చుట్టూ ఉన్న పట్టీలను మళ్ళీ అతకవచ్చు. నడిమి ముక్క కావాలంటే ఈ చొక్కాలోంచే తీయాలి. "పోయినోళ్ళ అంగికి నేను కత్తెర పెట్ట. ఇంటోళ్ళే కొయ్యాలె. కుట్టుడు నా పని." చొక్కా నా వైపు జరిపి, "మీ బాపు పోయిన ఏడు మీ అమ్మ గూడ గిదే అంగి తెచ్చింది. పదమూడో గడి చేస్తనన్నది. కత్తెర పట్టుకొని పొద్దుందాక కూసున్నది. కొయ్యలే. మడత పెట్టుకొని పోయింది" అంది.

అమ్మ ఈ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు. కోస్తే బాపు చొక్కా పోతుంది, కోయకపోతే అమ్మ బొంతకు చిల్లు మిగులుతుంది. ఇద్దరిలో ఎవరిని తక్కువ చేయను? బయటికి వచ్చి ఆటో పక్కన నిలబడ్డాను.

"జల్దేం లేదక్కా. నువ్వు ఎప్పుడంటే అప్పుడే పోదాం," అన్నాడు సమ్మయ్య.

అమ్మ చేతకాకనో మనసు రాకనో ఆగిపోయిన పని అది. ఆమె బొంతను చింపింది మాత్రం నేను. లోపలికి పోయి బ్లేడు అడిగాను. జేబు కుట్లు ఒక్కొక్కటే తెంపాను. జేబు అడుగు మూలలో చిటికెడు నల్లటి దుమ్ము బయటపడితే దులపలేదు, వేలికి అంటనిచ్చాను. జేబు ఊడాక నీలం చతురస్రం బయటికి వచ్చింది. బాపు ఆ చొక్కా మొదటిసారి తొడుక్కున్న రోజు ఉన్న రంగే అయి ఉంటుంది. కత్తెర అందుకున్నాను. పాత కుట్టు రంధ్రాలకు కొంచెం లోపలగా కోశాను.

లచ్చవ్వ గంటన్నరలో గడి అతికి, పొరలతో కలిపి కుట్టేసింది. నేను బొంత మడత పెడుతుంటే, ఆమె చొక్కా తీసుకుని, ఊడదీసిన జేబును ఆ చిల్లు మీద పరిచి, పాత సూది రంధ్రాల్లోంచే మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. కుట్టాక చూస్తే చొక్కా చొక్కాలాగే ఉంది. వెనక బట్ట లేదని ఎవరికీ తెలియదు.

దారం కొరికి, చాలాసేపు చొక్కాను అలాగే పట్టుకుంది. "గీ ఉపాయం అప్పుడు తోస్తే మీ అమ్మ గట్ల ఏడ్చుకుంట పోకపోయేది," అంది. డబ్బులు ఇస్తే తీసుకోలేదు. కోఠీ బట్ట మాత్రం ఉంచుకుంది, మనవరాలికి గౌనుకు వస్తుందట.

సాయంత్రం అయిదింటికి సమ్మయ్య, అక్కడికి దగ్గరని, మంచిర్యాలలో హైదరాబాద్ బస్సు ఎక్కించాడు. దారిలో చలి లేకపోయినా బొంత ఒళ్ళో పరుచుకున్నాను. మిగతా పదకొండు నీలాలు ఏళ్ళ తరబడి మా వాడకంలో కొంచెం వెలిశాయి, కొత్తగా వేసిన గడి ఒక్కటే చిక్కగా ఉంది. ఎంత మాసినా ఇక చేత్తోనే ఉతుకుతాను. నాకు తీరని కోరిక ఒకటే. పొద్దున్నే లేచి ఆ చొక్కా అమ్మ ముందు పరిచి, ఇదిగో, కోశాక కూడా ఇలాగే ఉంది చూడు అని చూపించాలని.

మీరూ ఇంట్లో పాత బొంతను బాగుచేయించడానికి అటు వెళ్తుంటే ఒక్క మాట. దుకాణంలో రంగు వెతుక్కుంటూ తిరగకండి, ఇంట్లోవాళ్ళు తొడిగిన చొక్కా ఒకటి తీసుకెళ్ళండి. వెళ్ళేముందు దాని జేబు లోపల ఒకసారి చూసుకోండి.